బహుభాషారచన: కురిక్యాల శాసనము, నేటి వెబ్‌సైట్లు

ఒకే విషయమును పలు భాషలవారికి చెప్పవలసి వచ్చినప్పుడు రచయిత యెట్లు వ్రాయవలెను? ఒక భాషలో వ్రాసి తక్కిన భాషలలోనికి మార్చినచో చాలునా, లేక ప్రతి భాషయందును రచనను మొదటినుండి సాగింపవలెనా? ఈ ప్రశ్న నేడు వెబ్‌సైట్లను నిర్మించువారి యెదుట నిలిచియున్నది. వారిలో పెక్కుమంది దీనిని యంత్రమునకు సంబంధించిన సమస్యగా తలంచుచున్నారు. తెలుగు శాఖలందలి మనమో, ఇది మన పని కాదని విడిచిపెట్టుచున్నాము. ఈ రెండును పొరపాట్లేయని మా యభిప్రాయము. ఇది మొదట రచనకు సంబంధించిన సమస్య. పిమ్మట వ్యాకరణమునకును, లిపికిని సంబంధించిన సమస్య. ఆ తరువాతనే యంత్రమునకు సంబంధించినది. పైగా ఉత్తర తెలంగాణమున ఈ ప్రశ్నకు వెయ్యేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రను పరామర్శించి, నేటి పుటలను దానితో పోల్చి చూచుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇందు కరీంనగరము, ఆదిలాబాదు అని మేము వాడు మాటలకు పూర్వపు జిల్లాలని యర్థము. 2016 అక్టోబరు 11వ తేదీని జరిగిన పునర్విభజనలో ఆదిలాబాదు నాలుగు జిల్లాలైనది. కరీంనగరమునుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వెలసినవి. ఈ ప్రాంతమున తెలుగుతోపాటు ఉర్దూ వినవచ్చును. పెన్‌గంగ, ప్రాణహితల దరిని మరాఠీ వినవచ్చును. అడవిపట్టులను గోండీ, కొలామీ వినవచ్చును. తండాలయందు లంబాడీ వినవచ్చును. బహుభాషారచన యిచట విలాసము కాదు, నిత్యావసరము.

1

కరీంనగరము జిల్లా గంగాధర మండలమునందలి కురిక్యాల గ్రామము చెంత బొమ్మలగుట్టయను కొండ కలదు. దానిపై చక్రేశ్వరీదేవి, జినుల ప్రతిమలు చెక్కబడియున్నవి. వాని క్రింద సుమారు క్రీ.శ. 945 నాటి జినవల్లభుని శాసనమున్నది. జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్యరాజగు రెండవ అరికేసరి యాస్థానకవి. ఈ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. శాసనము సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో రచింపబడినది. తెలుగు భాగము మూడు కందపద్యములు. నన్నయకు సుమారు నూరేండ్లకు పూర్వమే తెలుగున కందము కుదురుకొన్నదనుటకు ఇవి సాక్ష్యములగుటచే మన సాహిత్యచరిత్రకారులు వీనిని తరచుగా పేర్కొందురు.

అయితే ఛందశ్చరిత్రకు ఉపకరించు సాక్ష్యముగనే తప్ప, బహుభాషారచనగా ఈ శాసనమును పరిశీలించినవారు తక్కువ. ఆ దృష్టితో చూచినచో ఒక విశేషము గోచరించును. ఈ శాసనమున ఒక భాషలోని విషయము మరియొక భాషలోనికి అనువదింపబడలేదు. పంపని వంశక్రమము, వెంగినాటి కమ్మనాడునందలి వంగిపర్రునుండి వచ్చిన ఆ కుటుంబపు వృత్తాంతము, అరికేసరి పంపనికి ధర్మపురమును అగ్రహారముగ నిచ్చుట, జినవల్లభుడు ప్రతిమలను చెక్కించి త్రిభువనతిలకమను బసదిని, కవితాగుణార్ణవమను చెరువును, మదనవిలాసమను తోటను వెలయించుట – ఈ సమాచారమంతయు సంస్కృత కన్నడ భాగములలో కలదు. తెలుగు కందములు వీనిని తిరిగి చెప్పవు. అవి జినవల్లభుని జినభక్తిని, మునులకు జేసిన యన్నదానమును, గుణసంపదను కొనియాడును. అనగా ఒక్కొక్క భాషకు ఒక్కొక్క పని యప్పగింపబడినది.

ఈ విభజనకు కారణమేమి? మా యూహ యిట్టిది. సంస్కృతము దేశమంతట చెల్లుబడి గల భాష. ధర్మకార్యమునకు ప్రామాణ్యము నిచ్చునది. కన్నడము నాటి రాజాస్థానపు కావ్యభాష. పంపని కీర్తికి ఆటపట్టు. తెలుగు ఆ కొండ చుట్టును వసించు జనుల భాష. ఆ జనులకు వంశావళికంటె దాతయొక్క గుణమే వినదగినదని రచయిత భావించియుండును. తెలుగు భాగము అనువాదమైనచో కన్నడ వాక్యములకు నీడవలె నుండెడిది. స్వతంత్రరచన యగుటచే తనకు తగిన కందమును ఎన్నుకొని, తన నడకలో తాను నడచినది. నేటికిని దానికి విలువ నిలిచియుండుట ఆ స్వాతంత్ర్యమువలననే.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి కురిక్యాల శాసనమును బహుభాషారచనకు ఆదర్శముగ గ్రహింపవచ్చునని తోచును. కాని ఇచట ఒక యాక్షేపము తప్పదు. తెలుగు మాత్రమే తెలిసిన నాటి రైతు ఆ కొండ యెదుట నిలిచి ఎవనిచేతనో చదివించుకొన్నాడనుకొందము. దాత గుణవంతుడని యతనికి తెలియును. చెరువును త్రవ్వించినదెవరో, దాని పేరేమో, తోట యెవరిదో ఆ తెలుగు పద్యముల వలన తెలియదు. అతని పొలమునకు దగ్గరగ నుండు విషయములు అతని భాషలో లేవు. అతనికి దూరముగ నుండు స్తుతి మాత్రమే యతని భాషలో కలదు. ఈ విభజనవలన భాషకు గౌరవము దక్కినది. ఆ భాష మాటలాడువానికి సమాచారము దక్కలేదు. ధర్మశాసనమునకు ఇది దోషము కాకపోవచ్చును. ప్రజలకు పని కల్పించు నేటి పుటకు ఇది దోషమే.

కావున కురిక్యాల శిల మనకు రెండు పాఠములు చెప్పుచున్నది. మొదటిది గ్రహింపదగినది: ప్రతి భాషయందును రచన స్వతంత్రముగ సాగవలెను. రెండవది వర్జింపదగినది: విషయమును భాషలవారిగా పంచిపెట్టరాదు. నేటి వెబ్‌సైట్లలో తరచుగా జరుగుచున్నది దీనికి తలక్రిందులు. రచన అనువాదమగుచున్నది, విషయము పంచిపెట్టబడుచున్నది. అనగా శిలలోని గుణమును విడిచి దోషమును గైకొన్నాము.

2

పునర్విభజన పిమ్మట ఏర్పడిన జిల్లాలకును అధికారిక వెబ్‌సైట్లు ఇంగ్లీషు, తెలుగు భాషలలో వెలసినవి. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శక సూత్రములు 2009లో వెలువడి, 2018లోను, 2023లోను సవరింపబడినవి. ఏ యొక్క కార్యాలయమునో వేలెత్తి చూపుట మా యుద్దేశము కాదు. ప్రభుత్వపు పుటలయందును, బ్యాంకుల పుటలయందును, వర్తకుల పుటలయందును సమానముగ గన్పట్టు కొన్ని లక్షణములను మాత్రమే ఇచట విమర్శింతుము.

మొదటిది వాక్యపు టచ్చులకు సంబంధించినది. వెబ్‌సైటు నిర్మాత ఒక వాక్యమును అచ్చుగా సిద్ధపరచి, అందు ఒక ఖాళీని విడిచి, ఆ ఖాళీలో ఊరిపేరునో మనిషిపేరునో యంత్రముచే నింపించును. ఇంగ్లీషున ఊరిపేరు మారదు. దాని ముందటి చిన్నమాటయు మారదు. తెలుగున అట్లు కాదు. ఖాళీ తరువాత ‘కు’ అని యచ్చువేసినచో కరీంనగర్‌కు, జగిత్యాలకు, బాసరకు అనునవి సరిపోవును. పెద్దపల్లి, ధర్మపురి వచ్చినప్పుడు ‘పెద్దపల్లికు’, ‘ధర్మపురికు’ అని పుట పలుకును. ఇ, ఈ, ఐ లకు పరమైన ‘కు’ ప్రత్యయము ‘కి’ యగునని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున సూత్రీకరించెను; సూత్రము నెరుగని పిల్లవాడును ‘పెద్దపల్లికి’ అనియే పలుకును. జన్నారము వంటి పేరు వచ్చినప్పుడు చిక్కు మరింత ముదురును. అచట ప్రత్యయమే కాక ప్రకృతియు మారి ‘జన్నారానికి’ యగును, లేదా ‘జన్నారమునకు’ అగును. పేరును ప్రత్యయమును విడివిడిగా నిలిపి అతికింపజూచు యంత్రము తెలుగున నడువదు.

దీనికి పరిష్కారము రెండు విధములు. విభక్తిరూపములను ముందే పట్టికగా యంత్రమున కందించుట యొకటి. వాక్యమునే మార్చి, ‘చేరవలసిన ఊరు: పెద్దపల్లి’ అని ప్రథమావిభక్తిలో నిలుపుట రెండవది. రెండవదియే సులభము, కాని అది స్ఫురింపవలెనన్నచో వాక్యమును నిర్మించువేళ తెలుగు తెలిసినవాడు అచట నుండవలెను. అంతయు సిద్ధమైన పిమ్మట మాటలజాబితాను అనువాదకుని చేతికిచ్చినచో, వాక్యనిర్మాణమును మార్చు నధికార మతనికి లేదు. అతడు చేయగలిగినది పెద్దపల్లికు అను తప్పును ఒప్పుకొనుటయే.

రెండవది కర్మణి ప్రయోగము. దరఖాస్తు పంపిన పిమ్మట పుటపై ‘మీ దరఖాస్తు విజయవంతముగా సమర్పించబడినది’ అను వాక్యము వచ్చును. ‘బడు’ ధాతువుతో కూడిన యీ నిర్మాణము వ్యాకరణమున లేకపోలేదు. మన శాస్త్రగ్రంథములయందును కలదు. ఈ వ్యాసమునను మేము వాడుచున్నాము. కాని ఎదుటనున్న మనిషితో ఏ గుమాస్తాయు ఇట్లు పలుకడు. ‘మీ దరఖాస్తు అందినది’ అనును. మూడు మాటలలో ముగియు నీ వాక్యమున, అందుకొన్నవాడు కలడను నమ్మకము దరఖాస్తు పెట్టినవారికి కలుగును. ‘సమర్పించబడినది’ అన్నచో సమర్పణ జరిగినదేకాని, అందినదో లేదో తేలదు. ఇది శైలీభేదము మాత్రము కాదు, అర్థభేదమే.

మూడవది లింగమునకును మర్యాదకును సంబంధించినది. ‘దరఖాస్తుదారుడు తన సంతకము చేయవలెను’ అను వాక్యమును చదువు స్త్రీకి అందు తాను లేనట్లే తోచును. తెలుగున మహద్వాచకములకు బహువచనమున లింగభేదము లేదు; ‘దరఖాస్తు పెట్టువారు’ అన్నచో అందరును అందు ఇముడుదురు, మర్యాదయు దక్కును. మన భాషలోనే సిద్ధముగనున్న సౌలభ్యమును వదలి, లేని చిక్కును కొనితెచ్చుకొనుట అనువాదపు తొందరవలన కలుగు ఫలము.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. అది ఏ తెలుగు అను ప్రశ్న. కరీంనగరపు రైతు తన భూమి కాగితమును పహాణి యనును. కోస్తా రైతు అడంగలు అనును. ఇవి రెండును తెలుగువారి మాటలే. కాని పుటపై అడంగలు అని మాత్రమే యున్నచో కరీంనగరపు రైతు తనకు కావలసినది అచట లేదని వెనుదిరుగవచ్చును. కొలతల సంగతి మరింత గంభీరము. తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు. కోస్తా రాయలసీమలలో ఎకరమునకు 100 సెంట్లు. 1-20 అని ఇద్దరును వ్రాసినను, ఇచట దానికి ఎకరమున్నర యని యర్థము, అచట ఎకరమున కైదవవంతు అదనమని యర్థము. కోస్తావారికొరకు సిద్ధమైన యొక పట్టికను ఊరిపేర్లు మాత్రము మార్చి తెలంగాణమునకు వాడినచో, ఒక్క తప్పక్షరమైన లేకుండగనే పండ్రెండు గుంటలకు సమానమగు భేదము కాగితముపైకి ఎక్కును. భాష యొక్కటియే యైనను రచన వేరు కావలెనను మాటకు ఇంతకంటె బలమైన నిదర్శనము మాకు తోచలేదు.

ఇక విషయమును పంచిపెట్టుట యను దోషము. ఇంగ్లీషు పుటయందు ప్రకటనలు, గడువు తేదీలు, నింపవలసిన పత్రములు ఉండును. తెలుగు పుటయందు జిల్లా చరిత్ర, చూడదగిన దేవాలయములు, స్వాగతవచనములు ఉండును. ‘మరిన్ని వివరములకు’ అను చోట నొక్కినచో మరల ఇంగ్లీషు పుటయే తెరచుకొనును. పాఠకులకు ఈ తీరు పరిచితమే. కురిక్యాల శిలపై కన్నడమున చెరువు, తెలుగున స్తుతి యున్నట్లే ఇదియు. వెయ్యేండ్ల తరువాతను మన భాష అలంకారస్థానముననే నిలిచినది. పని స్థానము మరియొక భాషది.

3

తెలుగునకే ఇట్లుండగా గోండీ, కొలామీల గతి యేమి? ఈ ప్రశ్న వేయువరకు తెలుగువారి ఫిర్యాదు సగమే యగును. ఇంగ్లీషు యెదుట తెలుగు అనుభవించుచున్న దానినే తెలుగు యెదుట గోండీ అనుభవించుచున్నది.

భాషాశాస్త్రదృష్ట్యా ఇవి మనకు పరాయివి కావు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి వర్గీకరణము ననుసరించి గోండీ తెలుగుతో పాటు ఒకే యుపశాఖకు చెందినది. కొలామీ మధ్యద్రావిడశాఖకు చెందినది. ఎమెనో కొలామీపై 1955లో గ్రంథము ప్రకటించెను. ఆదిలాబాదున అధికారిగ నుండిన సేతుమాధవరావు పగ్డీ గోండీ భాషావ్యాకరణమును రచించెను. శాస్త్రజ్ఞుల దృష్టి ఈ భాషలపై బడినదేకాని, ఆ భాషలవారికొరకు వ్రాయుట యనునది తక్కువగా జరిగినది.

అట్లు వ్రాయుటకు జరిగిన యొక ప్రయత్నము ఇచట స్మరణీయము. నైజాము ప్రభుత్వకాలమున 1943లో హైమెండార్ఫు ప్రోత్సాహముతో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్ర మేర్పడినది. ఈ గ్రామము నేడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో కలదు. ఆ కేంద్రముకొరకు గోండీలో వాచకములు సిద్ధమైనవి. వానికి ఎన్నుకొన్న లిపి దేవనాగరి. రాజభాష ఉర్దూ, జిల్లాలో పెద్దభాషలు తెలుగు, మరాఠీలు, గోండులలో పలువురికి మరాఠీతో పరిచయము కలదు. కావున ఆ యెన్నిక సకారణమే. అయితే లిపి అన్నది భాషకు తొడుగు మాత్రమే కాదు. పాఠకుడు పిమ్మట ఏ భాషలోనికి నడువవలెనో చూపు ద్వారమును అగును. దేవనాగరిలో అక్షరములు నేర్చిన బాలుడు మరాఠీ వైపు నడుచును, తెలుగు లిపిలో నేర్చినవాడు తెలుగు వైపు నడుచును. పిదపకాలమున పాఠశాలలలో తెలుగు మాధ్యమము స్థిరపడగా ఆ దేవనాగరి వాచకములకు ముందడుగు లేకపోయినది.

గోండీకి సొంతలిపి లేదను మాట చాలకాలము వినవచ్చినది. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలమునందలి గుంజాల గ్రామమున లభించిన వ్రాతప్రతులు ఆ మాటను పూర్వపక్షము చేసినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన పండితులు, వారిలో ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు, ఈ లిపిని లోకమునకు పరిచయము చేయుటకు కృషిచేసిరి. 2018లో వెలువడిన యూనికోడ్ 11వ ప్రమాణమున గుంజాల గోండీకి 80 స్థానముల ఖండము కేటాయింపబడినది. దానికి ముందటి యేడు, 2017లో, మసరాం గోండీయను మరియొక లిపికిని స్థానము లభించినది. ఒక కుగ్రామపు వ్రాతప్రతులలోని అక్షరములు ప్రపంచమందలి కంప్యూటర్ల యక్షరపట్టికలోనికి ఎక్కుట సామాన్యవిషయము కాదు.

ఈ లిపియొక్క అక్షరక్రమము గమనింపదగినది. మన వర్ణమాలలో హల్లులు కకారముతో మొదలగును. గుంజాల క్రమమున య, వ, బ, భ, మ లు ముందు వచ్చి, పిమ్మట కకారము వచ్చును. వెబ్‌సైటున గ్రామముల జాబితాను అకారాదిగా అమర్చవలసివచ్చినచో, గోండీ పుటయందు ఆ క్రమమే పాటింపవలెను. తెలుగు జాబితాను గుంజాల లిపిలోనికి మార్చి, క్రమమును మాత్రము తెలుగుదే యుంచినచో, ఆ లిపి నెరిగినవాడు తన యూరిని తన వరుసలో వెదకి కానక పోవును. ఇచటను పాఠము మొదటిదే: తొడుగు మార్చినంత మాత్రమున రచన మారదు.

అట్లని గుంజాల లిపిలో పుట నిర్మించినచో పని ముగిసినదని చెప్పుటకును వీలులేదు. గోండీ చదువగల వారిలో కొందరికి తెలుగు లిపి, కొందరికి దేవనాగరి, కొందరికి గుంజాల లిపి అలవాటు. ఏ లిపియు అలవాటు లేనివారికి వినికిడియే శరణ్యము. ఆదిలాబాదు ఆకాశవాణి గోండీ, కొలామీ కార్యక్రమములను ప్రసారముచేసి ఈ మార్గమును ఎప్పుడో చూపినది. పుటపై వ్రాతకు తోడుగా ఆ భాషవారి గొంతుతో పలికించిన మాట యుండుట గోండీ విషయమున అదనపు సౌకర్యము కాదు, ప్రధానాంశమే.

4

ఇచట కొందరు యంత్రానువాదమును ముందుకు తెత్తురు. ఇన్ని భాషలలో వేర్వేరుగ వ్రాయుటకు మనుష్యులెక్కడ, ధనమెక్కడ, యంత్రమే అన్నింటిని మార్చి పెట్టును గదా యని వారి వాదము. ఈ వాదమున కొంత న్యాయము కలదు. తెలుగునకు యంత్రానువాదము గడచిన కొన్నియేండ్లలో చాల మెరుగుపడినది. గోండీ అష్టమ షెడ్యూలున లేని భాష. అయినను కేంద్ర గిరిజన మంత్రిత్వశాఖ 2025లో ప్రారంభించిన ఆదివాణియను అనువాదసాధనమున తొలి భాషలలో గోండీయు నొకటి. ఇది సంతోషింపదగిన విషయము.

అయితే ఆ గోండీ ఛత్తీస్‌గఢు ప్రాంతపు గోండీ. గోండీ మాండలికములమధ్య భేదము తక్కువది కాదు. ఉప్పు అను నర్థమున కొన్నిచోట్ల సోవర్, కొన్నిచోట్ల హోవర్, మరికొన్నిచోట్ల ఓవర్ అందురు. పదాదిని సకారము హకారమై, పిదప లోపించుట యను నీ ధ్వనిపరిణామము భాషాశాస్త్ర విద్యార్థులకు సుపరిచితమే. ధ్వనిసూత్రము తెలిసినవానికి ఈ మూడును ఒకే మాట. పుట చదువు గృహిణికి అట్లు కాకపోవచ్చును. పహాణి, అడంగలుల విషయమున మనమేమి కోరితిమో, సోవర్, ఓవర్‌ల విషయమున వారును అదియే కోరుదురు. ఒక ప్రాంతపు భాషను వేరొక ప్రాంతముపై రుద్దుట సులభమైనచోట యంత్రము దానిని మరింత సులభము చేయును. కనుక యంత్రము చిత్తుప్రతిని ఇచ్చుగాక. ఆ ప్రాంతపు మనిషి దానిని దిద్దవలెను, అవసరమైనచో కొట్టివేసి మరల వ్రాయవలెను. కొట్టివేయు నధికారమే అందు ముఖ్యము.

మరియొక యాక్షేపమును విస్మరింపరాదు. ప్రతి భాషయందును స్వతంత్రరచనయే సాగినచో విషయమున భేదములు రావా? ఒక పుటలో గడువు పదియవ తేదీ యని, మరియొక పుటలో పదునైదవ తేదీ యని వచ్చినచో ఎవరు బాధ్యులు? ఈ భయము సహేతుకమైనది. దీనికి సమాధానముగా రచనను రెండు పొరలుగా విభజింపవచ్చునని మేము తలంచుచున్నాము. తేదీ, రుసుము, అర్హత, జతపరుపవలసిన కాగితములు, వెళ్లవలసిన చోటు – ఇవి విషయము. వీనిని ఒకే పట్టికలో నిలిపి, అన్ని భాషల పుటలును దానినుండియే గ్రహింపవలెను. ఏ భాషకును ఇందు ఒక్క యంశమైనను తగ్గరాదు. వీనిని చెప్పు వాక్యము, ఎన్నుకొను మాట, చూపు నుదాహరణము, పలుకరించు మర్యాద – ఇవి రచన. ఇవి ఆయా భాషలవారి స్వాధీనమున నుండవలెను. మొదటి పొర యందరికి సమానము. రెండవ పొర యెవరిది వారిదే. జినవల్లభుడు రెండవదానిని సాధించెను, మొదటిదానిని కోరలేదు. మనము రెండింటిని సాధింపవలసియున్నది.

ఇందు చిన్నవిగ తోచు మరికొన్ని సంగతులు కలవు. భాషల పట్టికలో ప్రతి భాషపేరును ఆ భాషలోనే, ఆ లిపిలోనే వ్రాయవలెను. ఉర్దూ మాత్రమే చదువువారికి ఇంగ్లీషు అక్షరములలో ఉర్దూ యని వ్రాసినచో ప్రయోజనమేమి? ఉర్దూ కుడినుండి ఎడమకు నడచును గాన, ఆ పుటయొక్క అమరికయు కుడినుండి మొదలుకావలెను. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికి రెండవ అధికారభాషగా చేసినప్పుడు ఈ బాధ్యత చట్టబద్ధమే యైనది. తెలుగు ఒత్తులు పంక్తి క్రిందికి దిగును. ఇంగ్లీషునకు చాలిన పంక్తుల యెడము తెలుగునకు చాలక ఒత్తులు క్రింది గుడులతో ఒరసికొనును. పత్రములను బొమ్మలుగా నెక్కించుట, పాత ముద్రణాలయపు లిపులలో కూర్చినవానిని యూనికోడునకు మార్చక యుంచుట వలన అందలి మాటలు వెదకినను దొరకవు. చదివి వినిపించు యంత్రమునకును అవి మూగవే. ప్రతి పుటకును భాషాసంకేతము నిచ్చు పద్ధతి కలదు. ఆదిలాబాదు గోండీకి ప్రత్యేకముగ డబ్ల్యు.ఎస్.జి. అను సంకేతము అంతర్జాతీయ పట్టికలో చేరియే యున్నది. వాడువారు కావలెను.

5

ఇవి చూడగా ఈ పనిలో తెలుగు శాఖలకు భాగము లేదనుట పొసగదు. విభక్తిరూపముల పట్టిక, మాండలిక పదముల కోశము, కొలతల పేర్ల భేదములు, కర్మణి ప్రయోగమునకు ప్రత్యామ్నాయములు – ఇవి మన విద్యార్థులు చేయదగిన పరిశోధనలే. ఈ ప్రాంతపు గ్రామనామముల విభక్తిరూపములను సేకరించి యొక పట్టిక చేసినచో, అది యొక సిద్ధాంతగ్రంథమునకు చాలిన విషయమగును. అట్టి గ్రంథము బీరువాలో నుండిపోక బస్సు కొరకు చూచువానికి పనికివచ్చును. గోండీ, కొలామీ మాతృభాషగా గల విద్యార్థులు మన శాఖలలో చేరినప్పుడు వారిచేత తెలుగు గ్రంథములపైననే పరిశోధన చేయించుటకు మారుగా, వారి భాషలో ఒక పత్రమును వ్రాయించి, ఆ వ్రాతలో ఎదురైన చిక్కులను చర్చింపజేయుట మేలు. అనువాదకునికంటె వారు ముందుండి వ్రాయవలసినవారు.

బొమ్మలగుట్టపై తెలుగు తన నడకలో తాను నడచినది, కాని చెరువు సంగతి తెలుగున చెప్పబడలేదు. నేటి పుటలలో చెరువు సంగతి యెప్పుడైన తెలుగున చెప్పబడినను, ఆ తెలుగు తన నడకలో నడచుట లేదు. గోండీలో ఈ రెండును ఇంకను జరుగవలసియే యున్నవి. మాటయు సంగతియు రెండును ఒకేచోట ప్రతి భాషవారికిని దక్కు పుటయే బహుభాషారచన యనిపించుకొనును. ఈ నిర్ణయమునందలి లోపములను విజ్ఞులు పరిశీలించి దిద్దుదురుగాక.